చెంచాతో కొలిచే నికోటిన్

సంపాదకులు గారికి,

వేప్‌ల (ఈ-సిగరెట్ల) మీద మన పేపర్లలో వచ్చే వార్తలు దాదాపు ఒకేలా ఉంటాయి. ఫలానా చోట దాడి చేశారు, ఇన్ని పరికరాలు దొరికాయి, సరుకు విలువ ఇన్ని లక్షలు, అంతే. సరుకు దొరక్కపోతే దానికి అలవాటు పడ్డ కుర్రాడు ఏం చేస్తాడో ఎవరూ రాయరు. వాటిలో పోసే నికోటిన్ ద్రవం, అంటే ఈ-లిక్విడ్, ఇంట్లోనే కలుపుకోవచ్చని చూపించే విదేశీ వీడియోలు బోలెడున్నాయి, గ్లిజరిన్, ఎసెన్స్, ఒక సిరంజి, ఖాళీ సీసా ఉంటే చాలంటారు. ఇన్నేళ్లూ కెమిస్ట్రీ చెప్పుకుని బతికినవాణ్ణి కాబట్టి ఆ "చాలు" అన్న మాట దగ్గరే నాకు టెన్షన్ మొదలవుతుంది.

లెక్క చూడండి. ఇలా కలిపేవాళ్ల చేతుల్లోకి వచ్చే నికోటిన్ బేస్‌లో (పలచన చేయడానికి ముందుండే గాఢమైన ద్రవం) మిల్లీలీటరుకి 100 మిల్లీగ్రాములు ఉండటం మామూలే. 10 మిల్లీలీటర్ల సీసాలో గాఢత మిల్లీలీటరుకి 3 మిల్లీగ్రాములు రావాలంటే అందులో పడాల్సిన బేస్ 0.3 మిల్లీలీటర్లు. ఇంకో 0.3 ఎక్కువ పడితే గాఢత రెట్టింపు. దగ్గు మందు మూత మీద అంత చిన్న గీత ఎక్కడుంటుంది? ఇంకు ఫిల్లర్‌తో చుక్కలు లెక్కపెడతాం అంటారు గానీ 20 చుక్కలు ఒక మిల్లీలీటరు అన్నది నీళ్లకి, అదీ ఉజ్జాయింపుగా చెప్పే లెక్క. ద్రవం మారితే, ఫిల్లర్ మూతి మారితే, పట్టుకునే వాలు మారినా సరే చుక్క సైజు మారిపోతుంది. అసలు విదేశాల్లో ఈ పనిలో చేయి తిరిగినవాళ్లే చుక్కలూ చెంచాలూ వదిలేసి, గ్రాములో నూరో వంతు చూపించే చిన్న కాటా మీద తూచుకుంటున్నారు, గ్లౌజులు తొడుక్కుని మరీ. గ్లిజరిన్ మిల్లీలీటరుకి 1.26 గ్రాములు తూగుతుంది, ఈ-లిక్విడ్‌లో కలిపే ఇంకో ద్రవం ప్రొపైలిన్ గ్లైకాల్ 1.04 దగ్గర ఉంటుంది, ఈ తేడా వాళ్లకి తెలుసు. వంటింటి చెంచాకి తెలియదు.

ఆ బేస్ ఒక్క టీ చెంచాడు అంటే 500 మిల్లీగ్రాముల నికోటిన్. మనిషి ప్రాణానికి 60 మిల్లీగ్రాములు చాలని పాత పుస్తకాలు రాసేవి. అది మరీ తక్కువ అంచనా అని, అర గ్రాము నుంచి ఒక గ్రాము దాకా ఉండొచ్చని ఆస్ట్రియాలో బెర్న్డ్ మేయర్ అనే ఫార్మకాలజిస్టు 2014లో వాదించాడు. సరే, ఆయన మాటే తీసుకుందాం, అర గ్రాము అంటే ఎంత? ఆ చెంచాడే.

పైగా ఇది చర్మంలోంచి కూడా ఒంట్లోకి పోతుంది. మా ప్రకాశం జిల్లా వాళ్లకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. తడి పొగాకు ఆకు ముట్టుకుంటూ పనిచేసే కూలీలకి వాంతులు, తల తిరగడం ఎందుకొస్తాయో, పొగాకు కషాయం కొడితే పేనుబంక ఎందుకు చస్తుందో మా ఊళ్లలో పెద్దవాళ్లని అడగండి.

ఇక ఎసెన్సులు. కేకులో వేసుకుని తింటాం కదా, పీలిస్తే ఏమవుతుందంటారు. వెన్న వాసనకి వాడే డయాసిటైల్ తినడానికి ఇబ్బంది లేనిదే, కానీ 2000లో అమెరికాలోని మిస్సోరీలో పాప్‌కార్న్ ఫ్యాక్టరీ కార్మికులు దాని ఆవిరి పీల్చి ఊపిరితిత్తులు పాడు చేసుకున్నారు. నూనె కలిసిన ఎసెన్సులైతే ఊపిరితిత్తుల్లోకి అసలే పోకూడదు. 2019లో అమెరికాలో వేప్ చేసినవాళ్లు వేలల్లో ఆస్పత్రుల పాలైనప్పుడు ప్రధానంగా బయటపడింది విటమిన్-ఇ అసిటేట్, గంజాయి ద్రవంలో చిక్కదనం కోసం కలిపింది. అది కూడా మాత్రలో మింగితే ఏమీ చేయనిదే.

మన దేశంలో 2019 చట్టం ఈ-సిగరెట్ల తయారీ, అమ్మకం, నిల్వ, రవాణా, ప్రకటనలు అన్నీ నిషేధించింది, తయారీ, అమ్మకం లాంటివాటికి మొదటిసారి దొరికితే ఏడాది దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ (నిల్వకి శిక్ష ఇంతకంటే తక్కువ). నాకు దాని మీద పేచీ లేదు (పక్కనే బడ్డీకొట్టులో సిగరెట్ దర్జాగా అమ్ముతుంటే ఇది మాత్రం ఎందుకు నిషేధం అని మా అబ్బాయి అడిగితే జవాబు చెప్పలేకపోయాను, అది వేరే సంగతి). కానీ నిషేధించిన వస్తువుకి లేబుల్ ఉండదు. యూరప్‌లో అమ్మే సీసాలో గాఢత మిల్లీలీటరుకి 20 మిల్లీగ్రాములు దాటకూడదు, సీసా 10 మిల్లీలీటర్లు మించకూడదు, మూత పిల్లలు తీయలేనిదై ఉండాలి. అమెరికాలో 2014 డిసెంబరులో న్యూయార్క్ రాష్ట్రంలో ఒక పసివాడు ద్రవ నికోటిన్ మింగి చనిపోయాక, అలాంటి మూతలు తప్పనిసరి చేసే చట్టం 2016 జనవరిలో వచ్చింది. ఇక్కడ కలుపుకునేవాడు దాన్ని పాత సిరప్ సీసాలో పోసి అల్మరాలో పెడతాడు. స్ట్రాబెర్రీ వాసన వస్తుంటుంది. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఆలోచించుకోండి.

అందుకే మీరు ఈసారి దాడుల వార్త వేసినప్పుడు పక్కన చిన్న బాక్సు కూడా వేయండి. మానాలనుకునేవాళ్లకి మందుల షాపులో 2 మిల్లీగ్రాముల నికోటిన్ గమ్ దొరుకుతుందని, సిగరెట్ పెట్టె మీద ఉండే 1800-11-2356 నంబరుకి ఫోన్ చేసి సలహా అడగొచ్చని రాయండి. ఈ ద్రవం ఒంటి మీద పడితే వెంటనే సబ్బుతో కడగాలని, ఎవరైనా మింగి చొంగ కారుస్తూ, చెమటలు పట్టి, వాంతి చేసుకుంటుంటే వేలు పెట్టి ఇంకా కక్కించకుండా 108కి ఫోన్ చేయాలని కూడా రాయండి. వెళ్లేటప్పుడు ఆ సీసా వెంట తీసుకెళ్లాలి, గాఢత ఎంతో డాక్టరుకి కావాలి. ఇంట్లో కలిపిన సీసా మీద ఆ అంకె ఉండదు, కాబట్టి కలిపినవాడు తిట్లకి భయపడకుండా ఏం పోశాడో, ఎంత పోశాడో చెప్పేయాలి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ కెమిస్ట్రీ లెక్చరర్,
ఒంగోలు