ఆ వీడియో ఇక్కడిది కాదమ్మా

లాగోస్,
17 నవంబరు 2024, ఆదివారం

పూజ్యులైన నాన్నగారికి, అమ్మకి నమస్కారాలు.

నేను ఇక్కడ క్షేమం. మీరంతా క్షేమంగా ఉన్నారని తలుస్తాను. మా ఫ్యాక్టరీలో పనిచేసే భీమవరం ఆయన బుధవారం రాత్రి బయల్దేరి హైదరాబాద్ వస్తున్నాడు. ఈ ఉత్తరం, ఒక చిన్న పార్సిలు ఆయన చేతికిస్తున్నాను. వాట్సాప్ ఉండగా ఉత్తరమేమిట్రా అని అక్క అంటుంది. మొన్న ఫోన్‌లో నేను రెండు ముక్కలు చెప్పేలోగా అమ్మ ఏడుపు మొదలుపెట్టింది. ఇక నాకూ గొంతు పెగల్లేదు. కాయితం మీదైతే అంతా చెప్పుకోవచ్చు. నాన్నగారూ, మీరు నెమ్మదిగా చదివి అమ్మకి వినిపించండి.

ఇవాళ టీవీలో నైజీరియా రాజధాని అబుజా చూసే ఉంటారు. ఇక్కడి ప్రెసిడెంటు టినుబు మోదీగారికి పెద్ద బిరుదు ఇచ్చారు. బయటి దేశాల వాళ్ళలో ఇంతకుముందు అది దక్కింది 1969లో ఎలిజబెత్ రాణికి మాత్రమేనట. మన ప్రధాని ఇక్కడికి రావడం పదిహేడేళ్ళ తర్వాత మళ్ళీ ఇప్పుడే. తెలిసినవాళ్ళు కొందరు అబుజా వెళ్ళారు, నాకు సెలవు దొరకలేదు. ఈ దేశంలో మనవాళ్ళం 60 వేల మంది దాకా ఉన్నామమ్మా. పిల్లల్ని స్కూలుకి పంపుతూ, గుడికి వెళ్తూ, మామూలుగా బతుకుతున్నాం.

ఇక అమ్మ నాకు పంపిన ఆ వీడియో. ఫ్యాక్టరీ గేటు ముందు తుపాకులవాళ్ళు లారీ ఆపి మనుషుల్ని దింపుతున్నది. అమ్మా, నువ్వు పంపిన రోజు పొద్దున్నే దాన్ని మా స్టోర్స్ అమ్మాయికి చూపించాను. ఇక్కడి యోరుబా జాతి పిల్ల, చాలా చురుకైనది. ఒకసారి చూసి, వెనక్కి తిప్పి, లారీ పక్కన ఉన్న కారు దగ్గర ఆపింది. వేళ్ళతో పెద్దది చేసి నంబరు ప్లేటు చూపించింది. "ఓగా (అంటే సార్ అని), ఇది మా దేశం ప్లేటు కాదు. వాళ్ళు మాట్లాడేది మా భాషల్లో ఏదీ కాదు" అంది. ఎవరో ఎక్కడిదో తెచ్చి, కింద నైజీరియా అని తెలుగులో రాసి పంపారు. దాన్ని చూసి నువ్వు రెండు రోజులు అన్నం సరిగా తినలేదని అక్క చెప్పింది. నాకు కడుపు తరుక్కుపోయింది.

పని బాగానే ఉంది. కొత్త మెషీన్ బిగించారు, షిఫ్టులు పెరిగాయి. అంతకన్నా రాయడానికి ఏమీ లేదు.

డబ్బు ఈ మధ్య తక్కువ పంపుతున్నానని బావ అన్నాడట. నా జీతంలో సగం నైరాల్లోనే ఇస్తారని బావకి తెలుసు. నేను 2019లో వచ్చినప్పుడు రూపాయికి ఐదు నైరాలు, ఇప్పుడు ఇరవై. టినుబు గెలిచి ప్రమాణం చేసిన రోజునే, 2023 మే 29న, పెట్రోలు సబ్సిడీ ఇక లేదన్నారు. అప్పటికి లీటరు రెండొందల లోపు. రెండు మూడు రోజుల్లో ఐదొందలు, ఇప్పుడు వెయ్యి దాటింది. నేను దుబారా చేయడం లేదు నాన్నగారూ. బియ్యం, నూనె, ఫోన్ రీచార్జ్, ఇంతే నా ఖర్చు.

అమ్మా, నీకు ఒక సంతోషం కబురు. ఇక్కడ గోంగూర దొరుకుతుంది. ఉత్తరాది హౌసావాళ్ళు దాన్ని యాకువా అంటారు. దాని కాయల మీది ఎర్రటి రేకలు ఎండబెట్టి, అల్లం వేసి మరిగించి, జోబో అని షర్బత్ చేస్తారు. లాగోస్‌లో మైల్ 12 అని పెద్ద కూరగాయల మార్కెట్ ఉంది. రాత్రంతా ఉత్తరం నుంచి టమాటా, ఉల్లి లారీలు దిగుతూనే ఉంటాయి. అక్కణ్ణుంచి గోంగూర నాలుగు కట్టలు తెచ్చుకుని, నువ్వు చెప్పినట్టే ఎండుమిర్చి, మెంతులు వేయించి, రోలు లేదు గనక మిక్సీలోనే ఒక్క తిప్పు తిప్పాను. వేడన్నంలో కలుపుకున్న ఆ మొదటి ముద్దకి కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. కారానికి కాదు.

ఆ మార్కెట్లోనే అసలు సంగతి కూడా తెలుస్తుంది. టమాటా బుట్ట ఇంత రేటేమిటంటే, అమ్మేవాడు ఒకటే మాట చెబుతాడు. పల్లెల్లో రైతులు పొలానికి పోవడానికి భయపడుతున్నారు. బండిట్లు అంటారు ఇక్కడ, మోటారు సైకిళ్ళ మీద వచ్చే తుపాకీ ముఠాలు. వాళ్ళకి పన్ను కడితే గానీ పంట కోయనివ్వరట. మనుషుల్ని ఎత్తుకుపోయి డబ్బు అడుగుతారు. అది అబద్ధం కాదమ్మా. నువ్వు చూసిన వీడియో అబద్ధం, నీ భయం మాత్రం ఊరికే పుట్టింది కాదు. అందుకే ఇంతకాలం దాచినది ఇవాళ చెబుతున్నాను.

మా క్వార్టర్స్ మైగాడి గురించి చాలాసార్లు చెప్పాను. మైగాడి అంటే గేటు కాపలా మనిషి, ఉగాది పచ్చడి ఇస్తే మొహం చిట్లించకుండా తిన్నాయన. సాయంత్రం నేను రాగానే కులికులి అని వేరుశెనగ పిండి చెక్కల్లాంటివి కాయితంలో కట్టి ఇస్తాడు. ఆయనది ఉత్తరాన కట్సినా రాష్ట్రంలో ఒక పల్లె. పోయినేడు వానాకాలంలో ఆయన తమ్ముణ్ణి పొలం దగ్గరే ఎత్తుకుపోయారు. ఇరవై మూడు రోజులు. ఎద్దుల్ని అమ్మారు, పొలం తాకట్టు పెట్టారు. మేమంతా తలా కొంత వేశాం. నేను ఆ నెల డబ్బు ఆలస్యంగా పంపింది అందుకే. తమ్ముడు ప్రాణాలతో వచ్చాడు గానీ, ఇప్పటికీ మోటారు సైకిల్ చప్పుడు వినపడితే లోపలికి వెళ్ళిపోతాడట. ఆ కబురు ఏ పేపర్లోనూ రాలేదు, ఏ ఫోన్‌లోనూ తిరగలేదు.

2021లో ఆ ముఠాల్ని కట్టడి చేయడానికని జంఫారా రాష్ట్రంలో, కట్సినాలో చాలాచోట్ల ఫోన్ టవర్లు ఆపేశారు. దేశ భద్రత అన్నారు. ఈయన వారాల తరబడి ఇంటితో మాట్లాడలేకపోయాడు. రోజూ గేటు దగ్గర కూర్చుని చిన్న రేడియోలో బీబీసీ హౌసా వార్తలు పెట్టుకుని, తన ఊరి పేరు వస్తుందేమోనని చెవి ఆనించి వినేవాడు. పేరు రాకపోతే ఆ పూటకి హాయిగా ఊపిరి పీల్చుకునేవాడు. ఇంటి నుంచి కబురు రాకపోవడం ఎంత నరకమో నేను ఆ మనిషిని చూసి తెలుసుకున్నాను.

దీపావళి మొన్న అక్టోబరు 31న చేసుకున్నాం కదా. మర్నాడు పొద్దున టీ టైములో స్టోర్స్ అమ్మాయి ఏమీ మాట్లాడకుండా ఫోన్ నా చేతిలో పెట్టింది. అబుజా కోర్టు. ఆగస్టులో ధరలు మండిపోతున్నాయని దేశమంతా పది రోజులు ఆందోళనలు చేశారు. అప్పుడు పట్టుకున్నవాళ్ళలో 76 మందిని ఆ రోజు కోర్టుకు తెచ్చారు. అందులో ముప్పై మంది దాకా మైనర్లు, పద్నాలుగు నుంచి పదిహేడేళ్ళ పిల్లలు. ఎముకలు కనిపిస్తున్నాయి. మూడు నెలలు లోపల ఉన్నారు. నలుగురు అక్కడే కళ్ళు తిరిగి పడిపోయారు. వాళ్ళ మీద కేసు రాజద్రోహం, రష్యా జెండాలు పట్టుకున్నారని. బెయిలుకి తలా కోటి నైరాలు.

సాయంత్రం ఆ అమ్మాయి ఇంటికి వెళ్తూ గేటు దగ్గర ఆగి మైగాడికి చూపించింది. ఆయనది బటన్ల ఫోన్, ఇలాంటివి ఆయన దాకా రావు. కళ్ళద్దాలు లేక ఫోన్‌ని మొహానికి దగ్గరగా పెట్టుకున్నాడు. పిల్లలు హౌసాలో మూలుగుతుంటే ఆయన పెదాలు కదిలాయి. "యారా, యారా" అన్నాడు. హౌసాలో పిల్లలని. మళ్ళీ పెట్టమన్నాడు. మూడోసారి ఫోన్ వెనక్కి ఇచ్చేసి, నీళ్ళ చెంబు తీసుకుని నమాజుకి వెళ్ళిపోయాడు.

ఆ వీడియో దేశమంతా చూసింది. ఉత్తరం దక్షిణం, ముస్లిం క్రిస్టియన్ అని లేకుండా అందరూ గోల పెట్టారు. సోమవారానికల్లా పిల్లల్ని వదిలేయమని ప్రెసిడెంటు ఆర్డర్ ఇచ్చారు, మంగళవారం వదిలేశారు. నాలుగు రోజుల్లో అయింది నాన్నగారూ. ఫోన్లు లేకపోతే ఆ పిల్లలు ఇంకా లోపలే ఉండేవాళ్ళని నా నమ్మకం. సోషల్ మీడియా అంటేనే మీకు కోపం, నాకు తెలుసు. కానీ మన పంచాయతీ రోడ్డు ఖర్చు గురించి సమాచార హక్కు కింద మీరు దరఖాస్తు పెట్టి ఏడాది తిరిగారే, ఆ పనే వీళ్ళు ఫోన్‌తో చేస్తున్నారు. ఇక్కడా అలాంటి చట్టం 2011లో వచ్చింది. బడ్జిట్ అని ఒక సంస్థ బడ్జెట్ పుస్తకాల్ని మామూలు మనుషులకి అర్థమయ్యేలా బొమ్మలు గీసి పెడుతుంది. వాళ్ళవాళ్ళే ఊళ్ళకి వెళ్ళి, శాంక్షన్ అయిన బోరు ఉందా, బడి గది కట్టారా అని ఫోటోలు తీసి పెడతారు. స్టోర్స్ అమ్మాయి తన ఊరి బోరు కోసం అలాగే వెతికింది. కాయితం మీద ఉంది, ఊళ్ళో లేదు.

అయితే ప్రతిదాన్నీ నమ్మేయకూడదని కూడా ఈ నెలలోనే చూశాను. చూశానో, ఇంకోటి నేర్చుకున్నానో తెలియదు, మీరే చెప్పండి. సైన్యాధిపతి లగ్బాజా చనిపోయారని అక్టోబరులో ఫోన్లలో ఒకటే గోల. సైన్యం అబద్ధమంది. నిజంగానే అప్పటికి ఆయన బతికే ఉన్నారు. కానీ ఆయన జబ్బేమిటో, ఎక్కడున్నారో ఎవరూ సరిగా చెప్పలేదు. నెలాఖరుకి తాత్కాలికంగా ఇంకొకర్ని వేశారు. నవంబరు 5 రాత్రి ఈ లాగోస్‌లోనే ఆయన పోయారు, 56 ఏళ్ళు. మొన్న శుక్రవారం అబుజాలో అంత్యక్రియలయ్యాయి. పోయినేడు డిసెంబరులో టుడున్ బిరి అనే పల్లె మీద సైన్యం డ్రోన్ పొరపాటున బాంబు వేసి ఎనభై మందికి పైగా పోయినప్పుడు, ఆయన స్వయంగా ఆ ఊరికి వెళ్ళి క్షమించమని అడిగారు. అలాంటి మనిషి చావుని కూడా జనం నెల ముందే పుకార్లలో విన్నారు.

మా క్యాంటీన్‌లో దీని మీద పెద్ద వాదన అయింది. సైన్యం సంగతులు రోడ్డు మీద పెడితే శత్రువుకి లాభం అని డ్రైవరు. చెప్పకపోతే మేం ఏం నమ్మాలి అని స్టోర్స్ అమ్మాయి. 2020 అక్టోబరులో లెక్కి టోల్ గేటు దగ్గర ఆందోళన చేస్తున్న కుర్రాళ్ళ మీద కాల్పులు జరిగితే, మొదట సైన్యం అది ఫేక్ న్యూస్ అంది. ఏడాదికి లాగోస్ రాష్ట్రం వేసిన విచారణ కమిటీయే దాన్ని ఊచకోత అని రాసింది. అమ్మా, అప్పుడు కర్ఫ్యూలో నేను నాలుగు రోజులు గది దాటలేదు, నువ్వు సోమవారాలు ఉపవాసం ఉన్నావు. మరుసటేడు ట్విట్టర్‌నే ఏడు నెలలు ఆపేశారు. "చిబోక్ ఊళ్ళో బడి నుంచి 276 మంది ఆడపిల్లల్ని ఎత్తుకుపోయింది 2014లో. పదేళ్ళయినా ఎనభై మందికి పైగా ఇంటికి రాలేదు. మేం అరవడం మానేస్తే వాళ్ళ పేర్లు ఎవరు తలుస్తారు" అంది ఆ పిల్ల. డ్రైవరు తల దించుకుని, నిజమే అన్నాడు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేనూ మీతో అలాగే చేశాను. కర్ఫ్యూ వస్తే సెలవన్నాను, మైగాడి తమ్ముడి సంగతి దాచాను, అన్నిటికీ బాగుందన్నాను. నా మాట మీద నమ్మకం పోయింది గనకే ఎవరో పంపిన వీడియో నమ్మావు. తప్పు నాదేనమ్మా. ఇకమీదట మంచీ చెడ్డా నా నోటితోనే చెబుతాను. నువ్వు కూడా ఏదైనా వీడియో వస్తే ముందు నన్ను అడుగు.

నాన్నగారు అడిగారు, నువ్వేమైనా రాస్తున్నావా ఫోన్లో అని. లేదు. నేను పరాయి దేశం వాణ్ణి, వీసా మీద ఉన్నాను. చదువుతాను, వింటాను, అంతే. నేనుండేది లాగోస్‌లో. కట్సినా ఇక్కడికి వెయ్యి కిలోమీటర్ల పైనే. ఫ్యాక్టరీకి కంపెనీ బస్సులోనే వెళ్తాను, చీకటి పడ్డాక బయటికి వెళ్ళను, ఊరు దాటి రోడ్డు ప్రయాణం చేయను. ఇది నిజం.

వంటింటి పైన పెంకులు సర్దించారా? మొన్నటి వానకి కారిందని అక్క అంది. అమ్మ మోకాళ్ళకి డాక్టరు రాసిన మందు మధ్యలో మానేయొద్దు. కార్తీక పౌర్ణమికి గోదారిలో దీపాలు వదిలిన ఫోటో బుజ్జిది పంపింది, దాని చేతిలో అరటి దొప్ప చూసి ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. మీ కోడలికి వేరే రాశాను, ఆ కవరు విప్పొద్దు.

పార్సిల్లో ఎండు గోగుపూలు ఉన్నాయి. గుప్పెడు వేసి మరిగించి, చల్లారాక బెల్లం కలపండి. అవి మైగాడి ఊరి నుంచి వచ్చినవే. ఆయన జొన్న కోతలకని పోయిన ఆదివారం ఊరికి వెళ్ళాడు. వద్దన్నాం, ఈసారి పంట పోతే తాకట్టు తీరదు అన్నాడు. చేరగానే ఫోన్ చేశాడు. బుధవారం మళ్ళీ చేస్తానన్నాడు, ఇంకా చేయలేదు. సిగ్నల్ ఉండదు అక్కడ. రేడియో నాకిచ్చి వెళ్ళాడు. నాకు హౌసా రాదు, అయినా సాయంత్రం వార్తల టైముకి పెడుతున్నాను, ఆ ఊరి పేరు ఒక్కటే తెలుసు గనక దాని కోసం వింటున్నాను. దీపం పెట్టినప్పుడు ఆయన పేరున కూడా ఒక వత్తి వెయ్యమ్మా.

ఈ నెల మొదటి వారంలో గ్రిడ్ రెండుసార్లు పడిపోయి దేశమంతా చీకటయింది. నా ఫోన్ కలవకపోతే చార్జింగ్ లేదనుకోండి. కరెంటు రాగానే నేనే చేస్తాను.

ఉంటాను.

మీ చిన్నోడు