మూడు లాంతర్ల దగ్గర స్కానర్‌ని లేపిన తమ్ముడికి

పేరు చెప్పకుండా వెళ్లిపోయావు తమ్ముడూ, అందుకే ఇలా అందరి ముందూ దండం పెడుతున్నాం. విజయనగరం మూడు లాంతర్ల దగ్గర మా జిరాక్సు షాపులో ఉబుంటు (కంప్యూటర్‌ని నడిపే లినక్స్ సిస్టమ్) మీద, ప్రింటూ స్కానూ రెండూ చేసే మిషన్‌లో ప్రింటు వస్తోంది, స్కానర్ మాత్రం కనిపించడం లేదు. వచ్చీ రాగానే నువ్వు అన్నీ పీకి మళ్లీ ఎక్కించలేదు, లోపం ఎక్కడుందో చూశావు. ఉబుంటులో ప్రింటు పని చూసే సాఫ్ట్‌వేర్ కప్స్, స్కాను పని చూసేది సేన్. దారులు వేరు కాబట్టి ఒకటి నడిచినంత మాత్రాన రెండోది నడవాలని లేదు. కంపెనీ డ్రైవరు లేకుండానే యూఎస్‌బీ మిషన్‌ని నడిపే ఐపీపీ-యూఎస్‌బీ అనే సర్వీసు మిషన్‌ని పట్టుకుని ఉంటే కంపెనీ పాత డ్రైవరుకి అది అందదు. ఈ ఒక్క ముక్క తెలిస్తే సగం తలనొప్పి పోయినట్టే. పాత డ్రైవరు తీసేసి, కంపెనీ డ్రైవరు అక్కర్లేకుండా స్కాను చేయించే సేన్-ఎయిర్‌స్కాన్ వేసి, కేబుల్ ఊడదీసి మళ్లీ పెట్టించావు. దొరికిన స్కానర్ల జాబితా చూడ్డానికి టెర్మినల్లో (ఆదేశాలు టైపు చేసే కిటికీలో) ‘స్కాన్‌ఇమేజ్ -ఎల్’ కొట్టావు (ఎల్ పెద్దక్షరమే, చిన్నది కొడితే అర్థం మారిపోతుంది). ‘ఎయిర్‌స్కాన్’ అని మొదలయ్యే పేరుతో మా స్కానర్ వరస వచ్చింది. 300 డీపీఐలో పాసుబుక్కు పేజీ, రబ్బరు స్టాంపు చెదిరిన అంచుతో సహా, తెర మీద పడింది.

వైఫైకి మారితే ఫైర్‌వాల్లో యూడీపీ 5353 పోర్టు (నెట్‌వర్కులో మిషన్‌ని వెతికే దారి) తెరవాలని రాసి ఇచ్చిన చీటీ మిషను మూత మీద అతికించాం. డబ్బులిస్తే వద్దన్నావు. ఈసారి ఇటొస్తే టీ అయినా తాగి వెళ్లు నాయనా.