పెరుగు తింటే నులిపురుగుల మాత్ర అక్కర్లేదా?

సంపాదకులకు నమస్కారం.

ప్రోబయోటిక్ (ఒంటికి మేలు చేసే) బ్యాక్టీరియా పేగుల్లోని పరాన్నజీవులను అణచివేస్తుందన్న వార్తలు చదివి, ఇక బడిలో ఇచ్చే ఆల్బెండజోల్ మాత్రతో పనేముంది, రోజూ గడ్డపెరుగు పెడితే సరిపోదా అని అడిగే తల్లిదండ్రులు కనిపిస్తున్నారు. ఆ పరిశోధనలు నిజమైనవే కానీ, అవి ఏ పరాన్నజీవి గురించినవో చూడకుండా అన్నిటికీ వర్తింపజేయడం సరికాదు.

వాటిలో బాగా తరచి చూసినది జియార్డియా అనే ఏకకణ జీవిని. రోగి మలాన్ని సెలైన్ చుక్కలో కలిపి సూక్ష్మదర్శిని కింద పెడితే, అది రాలుతున్న ఆకులా పొర్లుతూ కదలడం కనిపిస్తుంది. చిన్నపేగు మొదటి భాగంలో, తన పొట్టవైపున్న చూషకంతో పేగు గోడను పట్టుకుని బతికే ఈ జీవికి, అక్కడ పడే పిత్తరసం హాని చేయదు సరికదా, పెరగడానికి తోడ్పడుతుంది. లాక్టోబాసిల్లస్ జాన్సోనై అనే ప్రోబయోటిక్ బ్యాక్టీరియా దెబ్బకొట్టేది సరిగ్గా అక్కడే. దాని ఎంజైము పిత్త లవణాల నుంచి అమైనో ఆమ్లాన్ని విడదీస్తుంది. మిగిలిన పిత్తామ్లాలు జియార్డియాకు విషమవుతాయి. ఫ్రెంచి శాస్త్రవేత్తలు 2018లో ప్రకటించిన ప్రయోగంలో, బ్యాక్టీరియా లేకుండా ఆ ఎంజైమునే ఎలుక పిల్లలకు ఇచ్చినా జియార్డియా తగ్గింది. చండీగఢ్‌లోని పంజాబ్ విశ్వవిద్యాలయంలో లాక్టోబాసిల్లస్ కేసీతో ఎలుకలపై జరిపిన ప్రయోగాలూ ఆశ కలిగించేవే.

మనుషుల దగ్గరకు వచ్చేసరికి ఆధారాలు పలచబడతాయి. టర్కీలో జియార్డియా రోగులకు సాకరోమైసిస్ బౌలార్డీ (ఇది బ్యాక్టీరియా కాదు, ఈస్టు) ఇచ్చి చూసినప్పుడు కూడా జియార్డియాకు వాడే మందు మెట్రోనిడజోల్‌ను మానిపించలేదు, దానికి తోడుగానే ఇచ్చారు.

ఇక ఏలికపాములు, కొంకిపురుగుల సంగతి వేరు. అవి కంటికి కనిపించే బహుకణ జీవులు. పిత్త లవణాల మీద జరిగే ఈ చర్యతో అవి పోతాయని అనుకోవడానికి ఆధారం లేదు. ఏడాది నుంచి 19 ఏళ్ల వయసు వారికి జాతీయ నులిపురుగుల నివారణ దినోత్సవాన ఇచ్చే మాత్ర వాటి కోసమే. పైగా, మన ఇళ్లలో తోడు ఇంటింటికీ మారుతుంది; ప్రయోగశాలలో పనిచేసిన రకమే మన గిన్నెలోనూ ఉందని చెప్పలేం. పెరుగు మంచి ఆహారమే, మందు మాత్రం కాదు.

ఇలాంటి వార్తలు వేసేటప్పుడు ఏ రకం బ్యాక్టీరియా, ఏ పరాన్నజీవి, ప్రయోగం ఎలుకలపైనా మనుషులపైనా అన్న మూడు వివరాలనూ మొదటి పేరాలోనే ఇవ్వవలసిందిగా మనవి.

ఇట్లు,
విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకుడు, తెనాలి