మరగని సుందుబు, ఉడకని గుడ్డు

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: పెనుకొండ దగ్గర హైవే మీదున్న మీ రెస్టారెంట్‌లో గత ఆదివారం వడ్డించిన సుందుబు జిగె (టోఫు, అంటే సోయా పన్నీరుతో చేసే కొరియన్ పులుసు) గురించి ఫిర్యాదు

అయ్యా,

మీ బోర్డు మీద కొరియన్ కింద తెలుగు కూడా ఉంది కాబట్టి తెలుగులోనే రాస్తున్నాను. నేను కియా ఫ్యాక్టరీకి విడిభాగాలు చేసే ఒక యూనిట్‌లో పనిచేస్తాను. 2019లో ఇక్కడ కార్ల తయారీ మొదలయ్యాక వచ్చిన కొరియన్ హోటళ్లలో నాకు నచ్చింది మీదే. నాలుగేళ్లుగా నెలకి రెండుసార్లయినా వస్తున్నాను. వచ్చేది ఒక్క సుందుబు కోసం.

ట్రైనింగ్‌కి ఆరు నెలలు కొరియాలోని గ్వాంగ్జులో ఉన్నప్పుడు అలవాటైంది. ఫ్యాక్టరీ గేటు ఎదురుగా చిన్న హోటలు. నల్లటి మట్టి కుండని నేరుగా మంట మీద పెట్టి, ఎండు నెత్తళ్లు, సముద్రపు నాచు మరిగించిన నీళ్లలో మిరప్పొడి, ఆల్చిప్పలు, నొక్కి నీరు తీయని మెత్తటి టోఫు వేసి, కుతకుతలాడుతున్నదాన్ని అలాగే తెచ్చి పెట్టేవారు. తెచ్చే పెద్దావిడ "వేడి, వేడి" అని కొరియన్‌లో అరుస్తూ వచ్చేది. మనం చేయాల్సిందల్లా పచ్చి గుడ్డు పగలగొట్టి అందులో వదలడమే. కుండ వేడికి రెండు నిమిషాల్లో తెల్లసొన గడ్డకట్టేది. మీ దగ్గర కూడా మొన్నటివరకు అచ్చం అలాగే ఉండేది. మిరప్పొడి మాత్రం మన ఊరిదే వాడుతున్నారని నా అనుమానం, కొరియా కారం ఇంత మండదు. దానికి నాకేమీ అభ్యంతరం లేదు.

గత ఆదివారం హిందూపురం నుంచి అమ్మానాన్నలు వస్తే తీసుకొచ్చాను. కుండ గురించి నాన్నకి దారి పొడుగునా చెప్పాను. తీరా వచ్చింది మెలమైన్ గిన్నె. ఆవిరి కూడా లేదు. పైన ఎర్రటి నూనె కదలకుండా తేలుతోంది. నాన్న గిన్నెలోకి తొంగిచూసి, "ఏంరా, కుతకుతా ఉడుకుతా వస్తాదంటివే?" అన్నారు. పక్కన కటోరాలో గుడ్డు పెట్టారు. పగలగొట్టి వేశాం. పది నిమిషాల తర్వాత కూడా తెల్లసొన జిగురుగా అలాగే ఉంది. పచ్చసొన గట్టిపడాలంటే దాదాపు 70 డిగ్రీల వేడి కావాలి. ఆ గిన్నెలో వేలు పెడితే కాలలేదు.

వెయిటర్ని అడిగితే, పాపం ఆ అబ్బాయి తల గోక్కుంటూ, "హెడ్డాఫీసు ఆర్డర్ సార్" అన్నాడు. ఎవరో పిల్లాడి చెయ్యి కుండకి తగిలి కాలిందట, అప్పటినుంచి వెనకాల పెద్ద గిన్నెలో కాచి గరిటెతో పోస్తున్నారట. పిల్లాడి చెయ్యి కాలడం చిన్న విషయం కాదు, ఒప్పుకుంటాను. కానీ చేతులు కాలకూడదని కుండ తీసేసి, డెబ్భై దాటిన మనిషికి పచ్చి గుడ్డు పెట్టడం ఏం జాగ్రత్త? పచ్చి గుడ్డులో ఉండే సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియాతో జబ్బు రావచ్చని మీ వంటవాళ్లకి తెలియదా? వేడి చేయమంటే మైక్రోవేవ్‌లో పెట్టి తెచ్చారు. అంచులు కాలుతున్నాయి, నడుమ చల్లగా ఉంది, గుడ్డు చిట్లి టోఫు అంతా ముక్కలై కలిసిపోయింది. నాన్న రెండు చెంచాలు తిని పక్కన పెట్టేశారు. అమ్మ తిన్న ఉల్లికాడల అట్టు మాత్రం బాగుంది, అది కూడా రాయాలి.

రాతి గిన్నెలో అన్నం కూడా ఎత్తేశారు. అన్నం తీసేశాక అడుగంటిన మాడులో వేడి నీళ్లు పోసుకుని తాగడం అందులో సగం ఆనందం. మా ఇంట్లో మాడు కోసం పోట్లాడుకుంటూ పెరిగినవాణ్ణి, నాకు అదొక్కటే కొరియాలో మన ఊరిని గుర్తు చేసేది.

ఇక బిల్లు. రెండు సుందుబులు 1,180, అట్టు 420, ఈ మొత్తం మీద మీరే వేసుకున్న 10 శాతం సర్వీస్ ఛార్జి 160, జీఎస్టీ 88. మొత్తం 1,848 రూపాయలు. సర్వీస్ ఛార్జిని దానంతటదే బిల్లులో కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జూలైలోనే చెప్పింది, ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో దాన్ని సమర్థించింది. తీసేయమంటే క్యాషియర్ "సిస్టమ్‌లో రాదు సార్" అన్నాడు.

సుందుబుల 1,180, సర్వీస్ ఛార్జి 160, వాటి మీద పడిన జీఎస్టీ తిరిగి ఇవ్వండి. అంతకన్నా ముఖ్యంగా కుండ తిరిగి తెప్పించండి. చెక్క పళ్లెంలో పెట్టి, తెచ్చేవాళ్లు గట్టిగా హెచ్చరించి, చిన్నపిల్లలున్న బల్లలకి మాత్రం గిన్నెలో ఇస్తే సరిపోతుంది. అలా కుదరకపోతే గుడ్డుని లోపలే ఉడికించి పంపండి, లేదా మెనూలోంచి తీసేయండి.

బిల్లు ఫోటో జతచేశాను. పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను. నాన్న వచ్చే నెల మళ్లీ వస్తున్నారు. అప్పటికి కుండ వచ్చిందో లేదో బిల్లులో ఉన్న నా నంబరుకి ఒక్క ఫోన్ చేసి చెప్పండి, లేకపోతే ఆయనకి ఇంట్లోనే నాటుకోడి పులుసు చేస్తాం.

ఇట్లు,
మీ పాత కస్టమర్