పూర్ణా మార్కెట్‌లో చూసిన ఆ రాడ్జర్స్ చాకు

విశాఖపట్నం

ప్రియ మిత్రమా,

నీవు కోరినట్లే నిన్న సాయంత్రం పూర్ణా మార్కెట్ వెనుక సందులో ఉన్న పాత సామాన్ల దుకాణానికి వెళ్లి, ఫోటో చూసి నీవు మనసు పారేసుకున్న ఆ మడత చాకును నా చేతులతో తెరిచి, మూసి, భూతద్దం పెట్టి అరగంట సేపు చూశాను. దుకాణదారు 9,000 రూపాయలు చెబుతున్నాడు. నా లెక్కలో దాని విలువ 3,500. అంత తేడా ఎందుకో వివరంగా రాస్తున్నాను; తొందరపడి ఆయనకు ఫోన్ చేసి ఒప్పేసుకోకుండా ముందు ఇది చదువు.

చాకు అసలైనదే, అందులో సందేహం లేదు. ఇంగ్లండులోని షెఫీల్డ్‌కు చెందిన జోసెఫ్ రాడ్జర్స్ చాకుల కంపెనీకి 1764లో దక్కిన నక్షత్రం, మాల్టా శిలువ గుర్తు పెద్ద బ్లేడు మొదట్లో స్పష్టంగా ఉంది. ఆ గుర్తుకున్న పేరు వల్లనే దానికి లెక్కలేనన్ని నకళ్లు పుట్టాయి కాబట్టి అక్షరాల లోతును, వరుసను రెండుసార్లు పరీక్షించాను. ఎక్కడా వంకర లేదు. బ్లేడు మీది కిరీటం బొమ్మకు అటూ ఇటూ జి, ఆర్ (జార్జి రెక్స్, అంటే జార్జి రాజు) అనే అక్షరాలు ఉన్నాయి గనుక అది ఐదో, ఆరో జార్జి రాజుల కాలానిది, అంటే 1910కీ 1952కీ మధ్యది. అంతకన్నా దగ్గరగా చెప్పడం కష్టం. అమెరికాలోని కేస్ కంపెనీ 1970లో తన గుర్తు కింద పది చుక్కలు వేసి, ఏటా ఒక్కొక్కటి తగ్గిస్తూ వచ్చింది కాబట్టి ఆ చాకులకు చుక్కలు లెక్కపెడితే ఏడాది తెలిసిపోతుంది; రాడ్జర్స్ వారి చాకులలో ఆ సౌకర్యం లేదు.

ఇక అసలు విషయం బ్లేడు. పాత చాకుకు ధర కట్టేటప్పుడు నేను మొదట చూసేది, అది తయారైన నాటి ఉక్కు ఇంకా ఎంత మిగిలి ఉందన్నదే. పిడిని ఆనుకుని, సాన తగలని చోట ఈ బ్లేడు వెడల్పు 11 మిల్లీమీటర్లు ఉంటే, నడిమధ్యన 8 మాత్రమే ఉంది. వాదర అక్కడ మెట్టు దిగినట్లు లోపలికి పోయింది. ఎన్నో ఏళ్లు ఎవరో రోజూ వాడి, ప్రేమగా సాన పట్టుకున్న చాకు ఇది. ఆ మనిషి మీద నాకు గౌరవమే, కానీ అరిగిన ఉక్కును ఎవరూ తిరిగి అతికించలేరు. తెరిచినప్పుడు పెద్ద బ్లేడు టక్కున నిలబడుతోంది, పక్కలకు ఊగడం లేదు. అది మంచి లక్షణం. చిన్న బ్లేడు మాత్రం బద్ధకంగా కదులుతూ సగంలో ఆగిపోతోంది. ఎండిన నూనె, మురికి అడ్డుపడటం వల్లనైతే శుభ్రం చేస్తే సరిపోతుంది, స్ప్రింగు చచ్చిపోతే సరిపోదు. కొనకముందు అది తేలదు కాబట్టి చచ్చిపోయిందనే అనుకుని ధర కట్టడం క్షేమం.

నాకు నిజంగా బాధ కలిగించిన సంగతి వేరు. మెరిస్తే ఎక్కువ ధర పలుకుతుందనుకుని కాబోలు, ఎవరో ఆ చిన్న బ్లేడును యంత్రం మీద పెట్టి అద్దంలా రుద్దేశారు. దాని మీది అక్షరాలు సగం చెరిగిపోయాయి. పాత కార్బన్ ఉక్కు మీద దశాబ్దాలుగా ఏర్పడిన బూడిద రంగు పొర లోపం కాదు, అదే దాని వయసుకు సాక్ష్యం. ఎర్రగా తిని గుంటలు పెట్టే తుప్పు వేరు, ఈ పొర వేరు. సముద్రపు గాలికి మన ఊళ్లో ఇనుము ఎంత త్వరగా తుప్పు పడుతుందో నీకు తెలుసు. అయినా పెద్ద బ్లేడు మీద గుంటలు రెండే కనిపించాయి.

పిడి ఏనుగు దంతమని దుకాణదారు గట్టిగా చెప్పాడు. పద్దెనిమిదో శతాబ్దంలో మన విశాఖ పనివారు నల్లచేవ కర్ర పెట్టెల మీద దంతం పొదిగి కంపెనీ దొరలకు అమ్మిన చరిత్ర ఉంది కాబట్టి ఇక్కడ ఆ మాట సులభంగా చెల్లుతుంది. అయితే భూతద్దంలో సన్నని నల్లటి చుక్కలు, గీతలు కనిపించాయి; అవి ఎముకలో రక్తనాళాలు నడిచిన దారులు, దంతంలో ఉండవు. ఎముకే కావడం నీ అదృష్టం. నిజంగా దంతమే అయితే దాని క్రయవిక్రయాలను మన వన్యప్రాణి చట్టం నిషేధించింది గనుక ఒక్క రూపాయికి కూడా కొనవద్దనే చెప్పేవాడిని.

1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ మీద బాంబులు వేసిన నాడు ఈ చాకు ఒక తెల్ల అధికారి జేబులో ఉందని కూడా ఆయన చెప్పాడు. ఆ దాడి నిజం. ఈ చాకు ఆ జేబులో ఉందనడానికి మాత్రం కాగితం లేదు, పిడి మీద పేరు లేదు. పదేళ్ల కిందట వేరే ఊళ్లో ఇలాంటి కథ విని ఒక సైనిక చాకుకు రెట్టింపు ఇచ్చి, ఇంటికి వచ్చాక దాని బ్లేడు మరో చాకు నుంచి తెచ్చి బిగించినదని గుర్తించి చాలా రోజులు బాధపడ్డాను. ఆ బాధ నీకు రాకూడదు.

ధర విషయానికి వస్తే, ఇటువంటి రెండు బ్లేడ్ల ఎముక పిడి రాడ్జర్స్ చాకు, ఉక్కు నిండుగా ఉంటే, నేనూ నా పరిచయస్థులూ ఈ మధ్య 6,000 నుంచి 7,000 వరకు ఇచ్చాం. దుకాణదారు ఫోనులో చూపించిన 15,000 అనేది ఎవరో విదేశంలో అడుగుతున్న ధర, ఎవరూ ఇచ్చిన ధర కాదు. అమ్ముడుపోయిన వాటినే లెక్కలోకి తీసుకోవాలి. అరిగిన బ్లేడుకు మూడో వంతు తగ్గించాను. చెరిగిన గుర్తుకు, అనుమానపు స్ప్రింగుకు కలిపి మరో వెయ్యి పోయింది. అలా 3,500 దగ్గర ఆగాను. నీకు మరీ ఇష్టమైతే 4,000 వరకు వెళ్లవచ్చు. ఆ పైన ఇచ్చే డబ్బు మంచి బ్లేడున్న మరో చాకుకు దాచుకో.

సోమవారం ఉదయం బోణీ వేళకు వెళితే బేరం తెగే అవకాశం ఎక్కువ. ఆదివారం రాత్రిలోగా నీ మాట తెలియజేస్తే డబ్బు పట్టుకుని నేనే వెళతాను. చాకు చేతికి వస్తే తోలు సంచిలో పెట్టకు, తోలు తేమను పట్టి ఉంచుతుంది. కీలులో రెండు చుక్కల కుట్టుమిషన్ నూనె వేసి పొడి నూలు గుడ్డలో చుట్టి పంపుతాను.

నీ మిత్రుడు