జిల్లా ప్రధాన వైద్యాధికారి గారికి ఒక పర్లాకిమిడి కోడలి బహిరంగ లేఖ

అయ్యా,

పాతపట్నం నుంచి ఒడిశాలోని పర్లాకిమిడికి కోడలిగా వచ్చిన ఏడాదికే ఒక ఆస్పత్రిలో నాకు మొదటిసారి లోపలి పరీక్ష చేశారు. అప్పటికి నాకు ఒడియా నాలుగు ముక్కలే వచ్చు. సిస్టర్ ఏం చెప్పిందో అర్థం కాలేదు. తెర సగమే వేశారు, అవతల ఎవరివో చెప్పుల చప్పుడు. చల్లటి ఇనుప పరికరం తగిలేసరికి ఒళ్లంతా బిగుసుకుపోయింది. "పెళ్లయిందిగా, ఇంకా సిగ్గేంటి?" అని ఆయా కసిరింది. ఆ గదిలో నాకు వినబడిన తెలుగు అదొక్కటే.

తర్వాత ఆరేళ్లు ఆ గడప తొక్కలేదు.

30 నుంచి 65 ఏళ్ల ఆడవాళ్లకు 5 ఏళ్లకోసారి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష చేయాలని 2016లో కేంద్రం మార్గదర్శకాలిచ్చింది. పలచని ఎసిటిక్ యాసిడ్ రాసి, నిమిషం ఆగి చూస్తారు. తేడా ఉన్నచోట తెల్లబడుతుంది. ఇంతేనమ్మా అని ముందే చెబితే సగం టెన్షన్ పోతుంది. నాలా భయపడి మానేసినవాళ్లు ఈ పరీక్షకు ఎలా వస్తారు?

తెర పూర్తిగా వేయించండి. తెలుగు, ఇక్కడి గిరిజనుల సవర భాష వచ్చిన ఆశా కార్యకర్తను పక్కన ఉంచండి. పరికరాన్ని ముందు చూపించి, గోరువెచ్చని నీళ్లతో తడపమనండి. నొప్పి అంటే వెంటనే ఆపమనండి.

వచ్చే నెల మా ఆడపడుచును తీసుకొస్తున్నాను. తనకిదే మొదటిసారి.