పొమ్మనకుండానే పొగబెట్టబోయిన కథ

మాంచెస్టర్,
18 జనవరి 2025, శనివారం.

ప్రియమైన ఊదుగొట్టానికి,

దసరాలకు నువ్వు రాసిన ఉత్తరానికి సంక్రాంతి వెళ్ళాక జవాబు రాస్తున్నాను. తప్పు నాదే, క్షమించు. రెండుసార్లు మొదలుపెట్టి, రెండుసార్లూ నాలుగు వాక్యాల దగ్గర ఆపేశాను. మేమంతా కులాసా. పాపకు పళ్ళు ఊడుతున్నాయి, నా ఉద్యోగం ఊడలేదు, మా ఆవిడ మోకాలి నొప్పి తగ్గింది. వార్తలు ఇంతే. అసలు సంగతి వేరే ఉంది, అది చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు. మేము కట్టెల పొయ్యి కొన్నాం.

నవ్వకు. ఆ పనసచెట్టు కింద నిప్పు రాజేసే బాధ్యత ఎవరు తీసుకున్నారో, చివరికి బిందెడు నీళ్ళు ఎవరి నెత్తిన పడ్డాయో నేను ఈనాటికీ ఎవరికీ చెప్పలేదని గుర్తుంచుకుని మరీ చదువు. ఇది వంటకు కాదు, చలి కాచుకోవడానికి. ముందువైపు గాజు తలుపున్న ఇనుప పెట్టెను గోడలోని పాత నిప్పుగూటిలో అమర్చి, పొగగొట్టాన్ని ఇంటి కప్పు మీదకు తీసుకువెళతారు. మా ఇల్లు విక్టోరియా రాణి కాలపు వరుస ఇళ్ళలో ఒకటి కాబట్టి నిప్పుగూడూ, పొగగొట్టమూ మాకు వారసత్వంగానే వచ్చాయి. పోయిన శీతకాలంలో గ్యాసు బిల్లు చూసిన రోజు నుంచి మా ఆవిడ చూపు ఆ గూటి మీదే ఉంది.

నవంబరులో ఒక దుకాణానికి వెళ్ళాను. అక్కడ నల్లటి పోత ఇనుపది, నాలుగు కాళ్ళ మీద బసవన్నలా కూర్చున్న పొయ్యి ఒకటి చూసి మనసు పారేసుకున్నాను. ఎనిమిది కిలోవాట్ల వేడినిచ్చేది. "ఇది ఎకోడిజైన్ ప్రమాణానికి సరితూగినది, మీకు ఏ ఇబ్బందీ ఉండదు" అని దుకాణదారు ధీమాగా చెప్పాడు. బయానా ఇచ్చేసేవాడినే, కానీ రంగు విషయంలో ఆవిడను అడగకుండా ఇంట్లోకి వస్తువు తెస్తే ఏమవుతుందో నీకు తెలుసు కదా, పసుపుపచ్చ కుర్చీల ఉదంతం తరవాత నేను ఆ సాహసం చేయడం లేదు. రేపు వస్తానని చెప్పి ఇంటికి బయలుదేరాను.

ఆ సాయంత్రం పక్కింటి ముసలావిడ గేటు దగ్గర కనిపించింది. ఎనభై దాటినావిడ, లోకంలో అందరినీ "లవ్" అనే పిలుస్తుంది, మొదట్లో నేను ఎంత సిగ్గుపడ్డానో లోగడ రాశాను. పొయ్యి సంగతి చెప్పగానే ఆవిడ ముఖం మారిపోయింది. తన చిన్నతనంలో సోమవారం ఉతికి ఆరవేసిన దుప్పట్లు మధ్యాహ్నానికి మసిబారిపోయేవని, వాళ్ళమ్మ వాటిని మళ్ళీ ఉతుకుతూ ఏడ్చేదని చెప్పింది. లండనులో 1952 డిసెంబరులో అయిదు రోజుల పాటు కమ్ముకున్న పొగమంచు వేల మందిని బలిగొన్న సంగతి మనం పుస్తకాలలో చదివాం. దాని ఫలితంగానే 1956లో స్వచ్ఛమైన గాలి చట్టం వచ్చింది. అయితే 1952లోనే మాంచెస్టరు నడిబొడ్డున పొగ లేని మండలాన్ని ప్రకటించారని, ఈ విషయంలో లండను తమ తరవాతేనని ఆవిడ ఎంతో గర్వంగా చెప్పింది. చివరికి ఒక మాట అంది: "నీ పొయ్యి జాబితాలో ఉందో లేదో చూసుకున్నావా, లవ్?"

ఏ జాబితా అని అడిగాను. అక్కడే తెలిసింది నాకు కథంతా.

మేముండేది పొగ నియంత్రణ ప్రాంతం. ఇక్కడ నిప్పుగూటిలో నేరుగా కట్టెలు కాల్చకూడదు. కాల్చాలంటే పర్యావరణ శాఖ, అంటే వీళ్ళు డెఫ్రా అనేది, మినహాయింపు ఇచ్చిన పొయ్యి మాత్రమే వాడాలి. గొట్టం నుంచి దండిగా పొగ వస్తే నగరపాలక సంస్థ 175 నుంచి 300 పౌండ్ల దాకా జరిమానా వేయవచ్చు. మరి ఎకోడిజైన్ మాటేమిటంటే, అది 2022 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చిన తయారీ ప్రమాణం. బయటికి వెళ్ళే వాయువులో ఘనమీటరుకు 40 మిల్లీగ్రాములకు మించి ధూళి ఉండకూడదన్నది అందులో ఒక షరతు. కొత్తగా తయారయ్యే పొయ్యిలన్నీ దానికి లోబడవలసిందే. కానీ ఆ ప్రమాణం ఉన్నంత మాత్రాన పొగ నియంత్రణ ప్రాంతంలో వాడుకునే మినహాయింపు దానంతట అది రాదు. రెండూ వేరు వేరు పరీక్షలు, రెండూ నెగ్గాలి. రాత్రి పదకొండు గంటలకు జాబితా తీసి వెతికితే నా బసవన్న పేరు అందులో లేదు. దుకాణదారు అబద్ధం చెప్పలేదు, సగం నిజం చెప్పాడు. అద్దె ఇంటివాళ్ళను పొమ్మనలేక పొగబెడతారని విన్నాను గానీ, నా ఇంట్లో నేనే పొగబెట్టుకుని జరిమానా కట్టబోయాను చూడు!

మినహాయింపు పొందిన పొయ్యిలో ఉండే కిటుకు చిన్నదే, కానీ నాకు చాలా నచ్చింది. మామూలు పొయ్యికి గాలి వెళ్ళే మీటను పూర్తిగా మూసేయవచ్చు, అప్పుడు కట్టె రాత్రంతా మెల్లగా కునుకుతూ ఎడతెగకుండా పొగ కక్కుతుంది. మినహాయింపు పొయ్యిలో ఆ మీట చివరిదాకా వెళ్ళకుండా అడ్డు పెడతారు. కట్టె వేడెక్కినప్పుడు వెలువడే వాయువులలోనే సగానికి పైగా వేడి దాగి ఉంటుంది. పొయ్యి పైభాగం నుంచి వేడెక్కిన గాలి ధారగా వచ్చి ఆ వాయువులను మండిస్తుంది, లేకపోతే అవే పొగగా బయటికి పోతాయి. ఇంతకాలం పొగ అంటే మంటకు తోకలాంటిదని అనుకునేవాడిని. అది కాలకుండా పారిపోయిన కట్టెపుల్ల అట!

ఇక కిలోవాట్ల సంగతి. మా గది పొడవు నాలుగు మీటర్లు, వెడల్పు నాలుగు, ఎత్తు 2.7. గుణిస్తే 43 ఘనమీటర్ల చిల్లర. దాన్ని 14తో భాగించమంటారు, మూడు కిలోవాట్లు చాలు. ఎనిమిది కిలోవాట్లది పెట్టి ఉంటే చెమటలు పట్టి కిటికీలు తెరుచుకుని, ఆ వేడి తట్టుకోలేక గాలి మీట తగ్గించి, పొయ్యిని పొగలో ముంచి, గాజు నల్లబడి, గొట్టం లోపల తారు పేరుకుని చివరికి అదే అంటుకునే ప్రమాదం తెచ్చుకునేవాళ్ళం. నాలుగు కిలోవాట్లది తీసుకున్నాం. అయిదుకు మించకపోవడం వల్ల మా పాత ఇంట్లో గోడకు గాలి రంధ్రం కొట్టే పని కూడా తప్పింది. మినహాయింపు ఉన్నది కావడంతో ఆరు అంగుళాలకు బదులు అయిదు అంగుళాల గొట్టమే సరిపోయింది. మా ఇరుకు పొగగూటిలో అంతకన్నా పెద్దది దూరేదే కాదు.

బిగించే ముందు గొట్టం శుభ్రం చేసే ఆయన వచ్చి కుంచె పైకి తోస్తే రెండు బస్తాల పుల్లలు కింద పడ్డాయి. కాకి గూడు. పొయ్యిలో పిల్లి నిద్రపోవడం మనం సామెతలో విన్నాం, పొగగొట్టంలో కాకి కాపురం మాత్రం ఇక్కడే చూశాను. పొయ్యి, స్టీలు గొట్టం, బిగింపు, కార్బన్ మోనాక్సైడు అలారం అన్నీ కలిపి మూడు వేల పౌండ్లు దాటింది. ఎంత దాటిందో మా ఆవిడకు చెప్పకు.

అమ్మకు వీడియోలో చూపించాను. చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, "1999లో దీపం పథకం కింద గ్యాసు బండ వచ్చిన రోజున మన కట్టెల పొయ్యిని నా చేత్తో పగలగొట్టాను, నువ్వు లక్షలు పోసి మళ్ళీ కొన్నావా నాయనా?" అంది. ఏం చెప్పను? ఆ రోజుల్లో అమ్మ కళ్ళు ఎప్పుడూ ఎర్రగా ఉండటం మనం చూస్తూనే... సరే, ఆ మాట కలిసినప్పుడు చెప్పుకుందాం.

అయినా కట్టెల విషయంలో అమ్మే నాకు గురువయింది. పక్క వీధిలో చెట్టు కొట్టేస్తూ ఉచితంగా ఇస్తామంటే కారు నింపుకుని వచ్చాను. "రెండు దుంగలు ఒకదానికొకటి తాటించు" అంది. తాటించాను. "దబ్ అన్నది పచ్చిది, ఠంగుమన్నది ఎండినది" అంది. నావన్నీ దబ్ అన్నాయి. తరవాత తేమ కొలిచే యంత్రం తెచ్చి, దుంగను చీల్చి లోపలి ముఖం మీద పెడితే 34 శాతం చూపించింది. 20 దాటకూడదు. చిన్న మొత్తాలలో అమ్మే కట్టెలకు 2021 మే నుంచి ఇక్కడి చట్టం కూడా అదే చెబుతోంది. ఆ దుంగలు పెరట్లో రేకు కింద పేర్చి ఉన్నాయి, రెండేళ్ళు ఆగాలి. ప్రస్తుతానికి ఎండిన కట్టెలేనని ముద్ర ఉన్న సంచులు కొంటున్నాం. అందుకే వారాంతాలలో, అదీ బాగా గడ్డకట్టే చలి ఉంటేనే రాజేస్తున్నాం. ఎంత మంచి పొయ్యి అయినా గ్యాసు బాయిలరు కంటే ఎక్కువ ధూళి వదులుతుందన్నది నిజం కాబట్టి నాకూ మనసులో కొంచెం గుచ్చుకుంటూనే ఉంది.

మొదటిసారి వెలిగించిన రోజు చెప్పాలి నీకు! అడుగున దుంగలు, వాటి మీద చితుకులు పేర్చి నిప్పును పైన అంటించాలి, అలా చేస్తే పైకి లేచే వాయువులు మంటలోంచి వెళ్ళి కాలిపోతాయి. అమ్మ అది చూసి "తలకిందుల సంసారం" అని ఫోను పెట్టేసింది. అగ్గిపుల్ల గీసి, తలుపు మూసి, చెప్పులు కూడా లేకుండా రోడ్డు మీదకు పరుగెత్తి ఇంటి కప్పు వైపు చూశాను. మొదటి అయిదు నిమిషాలు సన్నటి బూడిదరంగు తీగ. ఆ తరవాత ఏమీ లేదు, గొట్టం మీద గాలి మాత్రం వేడికి వణుకుతోంది. పక్కింటావిడ కిటికీలోంచి గొట్టాన్నీ నన్నూ మార్చి మార్చి చూసి బొటనవేలు పైకెత్తింది. నా పాదాలు మంచులో

అయ్యో, నాలుగయిపోయింది, ఈత తరగతి దగ్గర పాప ఎదురుచూస్తూ ఉంటుంది. పోస్టు డబ్బా కూడా ఆ దారిలోనే ఉంది, ఇలాగే వేసేస్తున్నాను. నీ పిల్లవాడి పరీక్షల సంగతి రాయి, ఇంకా ఆ

నీ,
బిందె